మా అత్త పాడుకున్న సూది

మా మేనత్తకి కరోనా సూది వేయించడానికి మేం పడ్డ పాట్లు ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది. బతిమాలాం, బెదిరించాం, ఆఖరికి అమ్మవారి మీద ఒట్టు పెట్టించాం. మర్నాడు అడిగితే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానంది.

ఆవిడ మా నాన్నకి అక్క. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, బోట్ల మీంచి దిగిన చేపల్ని వేలంలో పాడుకుని, పూర్ణా మార్కెట్‌లో కూర్చుని అమ్ముతుంది. నోరు పెద్దది, మనసు దానికంటే కొంచెం పెద్దది. నేను పోర్టు దగ్గర సరుకు ఎగుమతులు చూసే ఒక చిన్న ఆఫీసులో గుమస్తాని. మా ఇంట్లో ఒంటికి ఉప్పునీళ్ళు అంటకుండా జీతం తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. అందుకని బ్యాంకు పనులు, కరెంటు బిల్లులు, ఫోన్ల రీచార్జిలు, మాట వినని పెద్దవాళ్ళకి బుద్ధి చెప్పడం అన్నీ నా నెత్తినే పడ్డాయి. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. బుద్ధి చెప్పడానికి వెళ్ళి పోట్లాట పెట్టుకుని తిరిగిరావడం నా పద్ధతి.

ఈ గొడవకంతటికీ మూలం ఒక పసిపిల్ల. అత్త కూతురు, అంటే నా మరదలు, పెళ్ళయి పెందుర్తిలో ఉంటోంది. ఆ వేసవిలో దానికి తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా వాళ్ళలో ఆనవాయితీ. పుట్టిన బిడ్డని ముందుగా ఎత్తుకునే హక్కు అమ్మమ్మది. కానీ ఈ అమ్మమ్మ రోజూ హార్బర్‌లో జనం మధ్య పడి తిరుగుతుంది, మాస్కుని గడ్డానికి కట్టుకుంటుంది, సూది మాటెత్తితే చీపురెత్తుతుంది. అప్పటికే రెండోసారి జబ్బు ఊరి మీద పడి, మా పేటలో ఎప్పుడు ఏ ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తుందో తెలియని రోజులు. మరదలు భయపడిపోయింది. "సూది ఏయించుకుంటే రా అమ్మా. నేదంటే నా గుమ్మం ఎక్కకు," అని ఫోన్లో కచ్చితంగా చెప్పేసి, అత్తింట్లోనే పురుడు పోసుకుంది. మొండితనంలో తల్లికి ఏమీ తీసిపోదు.

ఆడపిల్ల పుట్టింది. మా అత్త మనవరాలిని ఫోన్లోనే చూసింది. ఆ చూడ్డం కూడా ఒక తంతు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని "కనబడ్డం నేదేటి?" అని అరిచేది. అవతలి వాళ్ళకి ఈవిడ చెవి కమ్మ కనబడేది. ఫోను మొహం ముందుకి తెచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. "ఎప్పుడూ తొంగునే ఉంటాదేటి ఈ గుంట? లేపండి, సూస్తాను," అని వియ్యపురాలి మీద కేకలేసేది. ఫోను పెట్టేశాక మాత్రం ఆ ఖాళీ తెరని కొంగుతో తుడిచి మళ్ళీ చూసుకునేది. నాకు ఆవిడని చూస్తే కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చేవి. రెండింట్లోనూ కోపమే ముందు బయటపడేది.

సూది వద్దనడానికి ఆవిడకో పెద్ద కారణం ఉంది. అది వేయించుకుంటే ముక్కుకి వాసన తెలియకుండా పోతుందని మార్కెట్‌లో ఎవరో చెప్పారు. చేప మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసి అది ఎప్పటి వేటో చెప్పగల మనిషి మా అత్త. ఆ ముక్కే ఆవిడ పెట్టుబడి.

"అత్తా, వాసన పోయేది సూది వల్ల కాదు. ఆ జబ్బొత్తే పోద్ది," అన్నాను.

"జబ్బొత్తే పోద్ది. ఒప్పుకున్నాను. అది రాకముందే పోగొట్టుకోమంటావేటి మరి?"

"సేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏటి లాభం?"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

సామెతల్లో ఆవిడతో నెగ్గిన మగాడు మా వంశంలో లేడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళడం మొదలయ్యాక నాకు రెండో డోసు వేళ వచ్చింది. అప్పుడో ఉపాయం తట్టింది. మొదటి డోసుకి నాకు కళ్ళు తిరిగాయని, ఈసారి ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉందని, తోడు రమ్మని అత్తని అడిగాను. నిజానికి మొదటిసారి నాకేమీ కాలేదు. సూది పడ్డాక దర్జాగా నడుచుకుంటూ వెళ్ళి మిరపకాయ బజ్జీలు తిన్నాను. అత్త నా మొహంలోకి అనుమానంగా చూసింది. అయినా "సదువుకున్నోడివి, సూదికి బయపడతన్నావు. సిగ్గునేదా?" అని నాలుగు తిట్టి, వస్తానంది. ఆవిడ ఆధార్ జెరాక్సు అప్పటికే నా జేబులో ఉంది.

మా పేట ఆరోగ్య కేంద్రం అంటే రెండు గదులు, ఒక వరండా. మనుషులు ఎడంగా నిలబడాలని నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు. ఆ గుండ్రాల్లో చెప్పులు చక్కగా ఎడం పాటించి నిలబడ్డాయి. చెప్పుల తాలూకు మనుషులు మాత్రం నీడలో ఒకరి భుజాల మీద ఒకరు పడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు వెంటనే ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి నర్సమ్మకి ఫిర్యాదు చేస్తే, "ముందు మీ మాస్కు ముక్కు మీదకి లాక్కోండి," అంది.

మార్కెట్ నుంచి నేరుగా వచ్చిన మా అత్త ఖాళీ గంప పక్కన పెట్టుకుని వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "నన్ను ఎవలూ ముట్టుకోకండి. నాను తోడొచ్చినాను," అని అడగని వాళ్ళందరికీ చెప్పింది. తెల్లవారుజామున లేచిన ఒళ్ళు కదా, కాసేపటికి కునుకు పట్టింది. నేనూ మొదలెట్టదలుచుకున్న ఉపన్యాసం ఆపుకున్నాను.

ఎంతసేపటికీ సూది మొదలవలేదు. సంగతేమిటంటే, ఒక సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుంది. ఒకసారి మూత విప్పితే కొన్ని గంటల్లో అంతా వాడెయ్యాలి, లేకపోతే పారబోయాలి. అందుకని పదిమంది చేరితే గాని నర్సమ్మ సీసా విప్పదు. మేం తొమ్మిదిమందిమే ఉన్నాం. మరో మనిషి కోసం చాలాసేపు ఎదురుచూశాం. ఎండ వరండాలోకి వచ్చేసింది. చివరికి నర్సమ్మ సీసా పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇంకెవరన్నా ఉన్నారా? ఒక్కరు! ఒక్కరుంటే చాలు. లేకపోతే దీన్ని పెట్టెలో పెట్టేస్తాను. ఇంకెవరన్నా ఉన్నారా?"

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర నుంచి ఒక ఆడగొంతు, "ఆగండమ్మా, నానున్నాను!" అంది. చూద్దును కదా, నెత్తిన రొయ్యల గంపతో, చెయ్యి పైకెత్తి, హార్బర్‌లో మా అత్తకి బద్ధశత్రువు. ఇద్దరూ వేలంలో ఎదురెదురుగా నిలబడి పాడే మనుషులు. ఎప్పుడో ఒక వంజరం చేపల గంప దగ్గర మాటా మాటా పెరిగి, అప్పటినుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఆవిడ చెయ్యెత్తితే ఈవిడ ఎత్తి తీరాలి. సరుకు అవసరం లేకపోయినా సరే.

ఆ గొంతు వినబడగానే నా పక్కన నిద్రపోతున్న మా అత్త చెయ్యి దానంతటదే లేచింది. మామూలుగా కాదు, శత్రువు చెయ్యి కంటే ఎత్తుగా. కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

హార్బర్‌లో నేను చిన్నప్పుడు ఈ విద్య కళ్ళారా చూశాను. బోటుకీ బోటుకీ మధ్య అత్త గంప బోర్లించి, దాని మీద కూర్చుని కునుకు తీసేది. వేలం వేసే పాటగాడు ఎంత అరిచినా కదిలేది కాదు. "ఇంకెవలన్నా ఉన్నారా?" అనే ఆఖరి కేక పడగానే, నిద్రలోనే చెయ్యి లేచేది. చెయ్యి లేస్తే పాట పెంచినట్టే. ఆ తరవాతే కళ్ళు తెరిచి ఏం కొన్నదో చూసుకునేది.

నర్సమ్మకి ఈ చరిత్ర ఏం తెలుసు? "ఈ పెద్దమ్మ ఇందాకటి నుంచీ కూర్చునుంది. పదో మనిషి ఈవిడే," అంది. గేటు దగ్గరావిడతో, "మీరు రేపు రండమ్మా," అంది.

మా అత్త కళ్ళు తెరిచింది. ఎదురుగా శత్రువు మొహం మాడిపోయి ఉండటం చూసి తృప్తిగా నవ్వింది. నా వైపు తిరిగి, "ఎంతకి పడ్డాది?" అని అడిగింది.

"ఊరికే అత్తా."

"ఊరికేనేటి? ఏ సేప?"

"సేప కాదు. సూది."

ఆవిడ మొహంలో రంగులు మారడం చూసి నాకు నవ్వాగలేదు. చేసిన పని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమైన మరుక్షణం గంప చంకనెట్టుకుని లేచి, నా చెయ్యి పట్టుకుంది. "నర్సమ్మా, ఈడికి కళ్ళు తిరుగుతన్నాయి. ఇంటికి తీసుకెల్లిపోతాను. పాపం, చిన్నప్పట్నుంచీ పేనం బాగోదు," అంది. నేనాడిన అబద్ధాన్ని నా మీదికే ప్రయోగించింది. నాకేమీ కళ్ళు తిరగడం లేదని నేను, తిరుగుతున్నాయని ఆవిడ, కాసేపు వరండాలో పెద్ద రభస.

అప్పుడు గేటు దగ్గర నుంచి శత్రువు ఒకే ఒక్క మాట అంది. "ఎత్తిన సెయ్యి దించుతావేటే?"

మా అత్త ఆగిపోయింది.

హార్బర్‌లో రాతకోతలు ఉండవు. ఎత్తిన చెయ్యే మాట. పాట తనకి పడ్డాక సరుకు ఎలా ఉన్నా ఎత్తుకుని వెళ్ళాల్సిందే. వెనక్కి పోతే మర్నాటి నుంచి పాటగాడు ఆ చేతి వంక చూడడు. ఒకసారి పైన మంచి చందువా చేపలు పేర్చి, కింద అంతా చితికిపోయిన చెత్త చేప ఉన్న గంప మా అత్తకి పడింది. కిక్కురుమనకుండా మోసుకొచ్చి ఎండబెట్టుకుంది. అలాంటి మనిషిని తొమ్మిదిమంది ఎదుట ఆ మాట అనేసింది, అదీ బద్ధశత్రువు.

"ఎవలే దించుతాను అన్నది?" అంటూ మా అత్త గంప కింద పెట్టి, కొంగు బొడ్లో దోపి, తుఫానుకి ఎదురెళ్ళే దానిలా లోపలికి నడిచింది. జేబులోంచి ఆధార్ జెరాక్సు తీస్తుంటే నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి బాకీ తరవాత తీర్చుకుంటానని అర్థం.

లోపల కుర్చీలో కూర్చున్నాక సరుకు పరీక్ష మొదలెట్టింది. "ఇది ఎప్పటిది? తాజాదేనా?" అంది. నర్సమ్మ సీసా మీద తేదీ చూపించింది. ఆవిడకి తేదీలతో పని లేదు. బల్ల మీద ఉన్న నీలం డబ్బా మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టబోయింది. నర్సమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "అమ్మా, అందులో ఐసు ఉంది, ముట్టుకోకూడదు!"

"ఐసులో పెట్టినారా?" మా అత్త మొహం మొదటిసారి విచ్చుకుంది. "అదీ పద్దతి. ఐసు నేకపోతే ఏదయినా పాడైపోద్ది. ముందే సెప్పొచ్చు కదరా అల్లుడా!" 

ఇన్ని నెలలుగా టీవీలు, డాక్టర్లు, నేను చెప్పలేకపోయిన మాట ఐసుముక్క చెప్పింది. నా చదువు మీద నాకు విరక్తి కలిగింది.

సూది పడేటప్పుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, నా మణికట్టులో గోళ్ళు దించి, నన్ను, మా నాన్నని, సూది కనిపెట్టినవాణ్ణి, వాడి అమ్మని వరసపెట్టి తిట్టింది. తిట్లు ఇంకా సగంలో ఉండగానే నర్సమ్మ "అయిపోయింది, లేవండి," అంది. "అయిపోనాదేటి?" అని అత్త నిరాశగా లేచింది. మిగిలిన తిట్లు ఏం చెయ్యాలో తెలియక నాకే ఇచ్చింది.

తరవాత నా వంతు. ఎందుకయిందో తెలియదు, మణికట్టు మీద గోళ్ళ గాట్లు, ఎండ, పొద్దున్నుంచీ తినకపోవడం, అన్నీ కలిశాయేమో, సూది చూడగానే గది ఒక్కసారి గిర్రున తిరిగింది. కళ్ళు తెరిచేసరికి బల్ల మీద పడుకుని ఉన్నాను. మా అత్త చేపల గంపతో నాకు విసురుతోంది. ఆ గాలికి ఇంకోసారి తిరిగేలా ఉంది. "సెప్పినాను కదమ్మా, ఈడికి పేనం బాగోదని!" అని ఆవిడ నర్సమ్మతో గర్వంగా చెబుతోంది. ఆ రోజు ఆవిడ ఆడిన ఒకే ఒక్క అబద్ధాన్ని నేను నిజం చేసి పెట్టాను.

నాతో సహా పదిమందికీ సూది వేయడం పూర్తయ్యాక నర్సమ్మ సీసా వంచి చూసింది. అడుగున ఇంకొకరికి సరిపడా మందు ఉంది. గేటు దగ్గర ఇంకా కదలని శత్రువుని పిలిచి ఆవిడకీ వేసేసింది. సూది పడ్డవాళ్ళందరూ అరగంట అక్కడే కూర్చోవాలి కదా. ఖాళీగా ఉన్న కుర్చీ మా అత్త పక్కది ఒక్కటే.

ఇద్దరూ చెరో గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నారు. మా అత్తకి హఠాత్తుగా ముక్కు గుర్తొచ్చింది. కంగారుగా మాస్కు దించి దూది వాసన చూసింది. తరవాత నా చొక్కా వాసన చూసి మొహం చిట్లించింది. తరవాత పక్క కుర్చీ కింద ఉన్న గంప మీదికి వంగి గట్టిగా ఒకసారి పీల్చింది.

"ఇవి నిన్నటి రొయ్యలు," అంది.

"ఏటీ? పొద్దున్న పాడినవి! నువ్వు సూడనేదేటి?" అని శత్రువు లేచింది.

"పైవి పొద్దున్నవి. కిందవి నిన్నటివి. నా ముక్కు బాగుంది, నా దగ్గరా నీ ఆటలు!" ఆ ఆనందంలో ఎన్నో ఏళ్ళ తరవాత తను ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడుతున్నానన్న సంగతి మా అత్త గమనించలేదు. ఆవిడ మాత్రం గమనించింది. నోటి దాకా వచ్చిన తిట్టు మింగి, నవ్వేసింది. "ఒప్పుకున్నాను. కిందవి నిన్నటివే. అంతలా అరవకు," అంది.

మా అత్తే మళ్ళీ అంది, గొంతు బాగా తగ్గించి. "మీ ఇంటాయన పోయినప్పుడు రాలేకపోనాను." ఆవిడ భర్త ఆ జబ్బుతోనే పోయాడు. హార్బరంతా తెలుసు.

"నువ్వొచ్చినా నాను మాటాడేదాన్ని కాదు కదే," అంది ఆవిడ. ఇద్దరూ దానికి నవ్వారు. నవ్వుతూనే కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించాను. నాకూ తుడుచుకోవాల్సిన అవసరం వచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు అభ్యంతరం లేదు.

ఆ రాత్రి అత్తకి జ్వరం. "నీ సూది సల్లగుండా!" అని నన్ను తిట్టడానికి మూడుసార్లు ఫోను చేసింది. పొద్దున్నకి జ్వరం తగ్గింది. హార్బర్‌కి వెళ్ళకుండా, తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. "ఆటో పిలు. పెందుర్తి ఎల్దాం."

మరదలు గేటు దగ్గరకొచ్చింది. అత్తకి సూది పడ్డట్టు నా ఫోన్లో వచ్చిన మెసేజీ చూపించాను. చూపిస్తూ, నా బుద్ధి ఊరుకోదు కదా, "ఒక్క సూదే పడ్డాది. అది పని చెయ్యడానికి రెండు వారాలు పడతాదని నర్సమ్మ సెప్పింది," అన్నాను.

"తెలుసు బావా," అంది మరదలు. "ఇంక నా వల్ల కాదు." గేటు తీసి తల్లిని కావలించుకుంది.

అత్త కాళ్ళూ చేతులూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. సరిపోదనిపించి మళ్ళీ కడుక్కుంది. ఎప్పుడూ గడ్డానికి ఉండే మాస్కు కళ్ళ దాకా లాక్కుంది. వియ్యపురాలు గదిలోంచి పిల్లని తీసుకొచ్చింది. అత్త చేతులు చాపింది. కుడి చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. సూది పడ్డ భుజం బిగుసుకుపోయి, నడుం కంటే పైకి లేవనంది. ఇంకోసారి ప్రయత్నించి "ఓలమ్మో!" అంది. నీళ్ళోడుతున్న చేపల గంపల్ని ఇన్నేళ్ళు నెత్తిన మోసిన మనిషి, మూడు నెలలు నిండని గుంటని ఎత్తుకోలేక గుమ్మంలో నిలబడిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఎవరికీ రాలేదు.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత గోడకి జేరబడి కింద కూర్చుని, ఇస్త్రీ చీర మోకాళ్ళ దాకా లాక్కుని, రెండు కాళ్ళూ బారజాపింది.

"సెయ్యి నేకపోతే ఏటి? కాళ్ళున్నాయి కదా. ఇక్కడ పడుకోబెట్టండి."

వియ్యపురాలు పిల్లని తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. పిల్ల మాస్కు వంక వింతగా చూసింది. తరవాత ఇస్త్రీ చీరని నిదానంగా తడిపేసింది. మరదలు గుడ్డ తేవడానికి లేచింది గాని, అత్త కదలవద్దని చేత్తో సైగ చేసింది. పిల్ల మీదికి వంగి అలాగే ఉండిపోయింది. పలకరించలేదు, తిట్టలేదు, ముద్దు చెయ్యలేదు.

"ఏమయిందత్తా? సెయ్యి నొప్పా?" అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు.

"ఫోన్లో సూసినన్నాళ్ళూ, ఇంత బరువుంటాదని తెలీనేదురా," అంది.